మెల్లగానే ఎక్కుతాను

నేను ఒక గేరు ఇంజనును. ఆవిరితో నడిచేదాన్నే, బొగ్గు తినేదాన్నే. కానీ మీ మనసులో ఉన్న రైలింజను అందం నాలో వెతక్కండి. పొడుగు అయిదడుగులు, బరువు మూడు క్వింటాళ్లు. నేను నడిచే పట్టాల మధ్య జానెడు వెడల్పు కూడా ఉండదు. నా వెనక కట్టిన బల్లబండ్ల మీద మనుషులు కాళ్లు అటొకటి ఇటొకటి వేసుకుని కూర్చుంటారు. నన్ను బొమ్మ అనేవాళ్లున్నారు. మూడు క్వింటాళ్ల బొమ్మను ఒక్కసారి కాలి మీద పెట్టుకుని, అప్పుడు అనమనండి ఆ మాట.

నా ఆకారం సంగతి నేనే ముందు చెప్పేస్తాను, మీకు శ్రమ తప్పుతుంది. నాకు మూడు సిలిండర్లు. మూడూ కుడివైపునే నిలువుగా నిలబడి ఉంటాయి. ఆ బరువుకు ఒరిగిపోకుండా నా బాయిలరును ఎడమకు జరిపి కూర్చోబెట్టారు. ఎదురుగా నిలబడి చూస్తే, బస్సు సీట్లో మూడో మనిషికి చోటిద్దామని పక్కకు ఒత్తిగిలినట్టు కనిపిస్తాను. సిలిండర్ల కింద ఒక పొడుగాటి షాఫ్టు ఉంది. దాని మీది చిన్న పళ్లచక్రాలు నా చక్రాల మీది పెద్ద పళ్లచక్రాలను తిప్పుతాయి. నాకు ఎనిమిది చక్రాలుంటే ఎనిమిదీ పనిచేస్తాయి. మెయిలింజన్లలో సగం చక్రాలు బరువు మోయడానికే తప్ప లాగడానికి కావు. కూర్చుని తినే చక్రం నాలో ఒక్కటీ లేదు.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి, నా కథంతా దాని మీదే నడిచింది. మామూలు ఇంజను చక్రం ఒక చుట్టు తిరిగితే పొగగొట్టంలోంచి నాలుగు దమ్ములు వస్తాయి. ఛక్, ఛక్, ఛక్, ఛక్. నా చక్రం ఒక చుట్టు తిరిగేలోపు నా షాఫ్టు రెండున్నర చుట్లు తిరుగుతుంది, పదిహేను దమ్ములు వస్తాయి. కళ్లు మూసుకుని వింటే మద్రాసు మెయిలు దూసుకుపోతున్నట్టుంటుంది. కళ్లు తెరిస్తే నేను మనిషి నడకతో వస్తూ ఉంటాను.

మాది బిట్రగుంట. ఒకప్పుడు ఆ ఊళ్లో ఆవిరింజన్ల షెడ్డు ఉండేది, షెడ్డు కూతకే ఊరు లేచేది, అన్నం తినేది. ఆవిరి పోయాక షెడ్డూ పోయింది. షెడ్డులో పనిచేసిన మనుషులు మాత్రం మిగిలారు. వాళ్లలో పదకొండు మంది కలిసి ఒక సంఘం పెట్టుకుని, మనుషులను లాగగలిగేంత పెద్ద నమూనా ఇంజన్లు చేయడం మొదలుపెట్టారు. జీతం ఇచ్చి చేయించినప్పుడు ఎప్పుడు గంట కొడతారా అని చూసిన పనిని, జీతం లేకుండా ఎండలో కూర్చుని చేసేవాళ్లు. మనుషుల సంగతి నాకు అంతగా అంతుపట్టదు.

సంఘానికి పెద్ద జకరయ్య. నలభై ఏళ్లు బండ్లు నడిపి మెయిలు డ్రైవరుగా దిగిన మనిషి. సంఘం వాడుకునే నేలంతా ఆయనదే. షెడ్డు బతికున్న రోజుల్లో ఇంజన్ల పొట్టలోంచి లాగిన బూడిదతో చేలో గుంత పూడ్చుకుందామని జకరయ్య తండ్రి బండ్లకొద్దీ పోయించుకున్నాడట. గుంత పూడింది కానీ బూడిద రావడం ఆగలేదు. చేను కాస్తా పన్నెండడుగుల దిబ్బ అయింది. ఆ దిబ్బ చుట్టూ చదును నేల మీద సంఘం వాళ్లు గుండ్రంగా పట్టాలు వేసుకున్నారు. ఆ పట్టాల మీద రెండు మెయిలింజన్ల నమూనాలు పచ్చరంగు వేసుకుని, ఇత్తడి మెరిపించుకుంటూ తిరిగేవి.

నన్ను కన్నది పెంచలయ్య. షెడ్డులో ఫిట్టరు. ముప్పై అయిదేళ్లు ఇంజన్ల కింద వెల్లకిలా పడుకుని బతికాడు కాబట్టి, ఇంజను అంటే ఆయనకు కింది నుంచి కనిపించేదే. ఎప్పుడో ఫోర్‌మన్ గదిలో చిరిగిన పత్రికలో ఒక బొమ్మ చూశాడట. ఎక్కడో దూరదేశపు అడవిలో, దుంగలు లాగుతూ కొండ ఎక్కే గేరు ఇంజను. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. పెట్టుకున్నవాడు ఊరుకున్నాడా, లేదు.

నమూనా ఇంజన్లు చేసే ఒక కంపెనీ ఉండేది, ఎక్కడో ఉత్తరాన. ఏటా జనవరిలో దేశమంతటా ఉన్న ఈ సరదా మనుషులు ఆ కంపెనీకి జాబులు రాసేవాళ్లు, ఈ ఏడు మాకు ఫలానా ఇంజను చేసి ఇవ్వండి అని. గేరు ఇంజను కావాలని అడిగేవాళ్లు పెంచలయ్య ఒక్కడే కాదు, ఊరికొకడు ఉన్నారు. అయితే ఒకాయనకు మూడు సిలిండర్లు కావాలి, ఇంకొకాయనకు రెండే కావాలి. ఒకాయన కట్టెలతో మండేది అడిగాడు. కోయంబత్తూరు నుంచి ఒక పెద్దమనిషి, ఎంత పెద్దదైనా ఫరవాలేదు గానీ మా అపార్ట్‌మెంటు లిఫ్టులో పట్టాలి అని రాశాడట. కంపెనీవాళ్లు ఓపికస్తులు. అందరికీ ఒకే జవాబు ఇచ్చేవాళ్లు: మీరంతా కలిసి ఒకే ఇంజను అడిగిన రోజున ఆలోచిస్తాం. తొమ్మిదేళ్లు అదే జవాబు. తొమ్మిదేళ్లూ ఒకే ఇంజను అడగడం మాత్రం వాళ్లకు చేతకాలేదు.

పదో ఏడు పెంచలయ్య జాబు రాయలేదు. జకరయ్యను అడిగి దిబ్బ చుట్టూ మెలితిప్పుతూ పైదాకా పట్టా వేశాడు. రెండువందల నలభై అడుగుల పట్టా, ఇరవై అడుగులకు ఒక అడుగు ఎత్తు. దాని మీదికి పచ్చ మెయిలింజనును ఎక్కించి చూశారు. నాలుగు గజాలు పోయి, ఉన్న చోటనే చక్రాలు గిర్రున తిప్పుకుని, జారి కిందికొచ్చింది. అందరూ నవ్వారు. ఎక్కే ఇంజను వస్తాది అన్నాడు పెంచలయ్య. ఎక్కడినుంచి వస్తుందని ఎవరూ అడగలేదు, ఆయన చేతులకు అంటిన గ్రీజు చూస్తే తెలుస్తూనే ఉంది.

నన్ను చేయడానికి మూడేళ్లు పట్టింది. బాయిలరు చేసింది మస్తాను. షెడ్డులో బాయిలర్ల పనివాడు. కుర్రతనం నుంచీ బాయిలరు కడుపులో కూర్చుని, బయటినుంచి సమ్మెటతో కొట్టే రివెట్లకు లోపల ఇనుపదిమ్మె అడ్డుపెట్టి కాచినవాడు. ఆ మోతకు చెవులు రెండూ పోయాయి. ఎదుటివాళ్ల పెదవులు చూసి సగం, ఊహించి సగం మాట్లాడతాడు, తనకే వినపడాలన్నట్టు గట్టిగా మాట్లాడతాడు. నా గేర్లు కోసింది కావలిలో మిల్లింగు మిషను నడిపే సుగుణ. గీసిచ్చిన కాగితం చూసి, ఇది చెరుకురసం మిషనుకా అని అడిగిందట. విషయం చెప్పాక నాలుగు జతలూ కోసింది. ఒక జతలో పన్ను వెంట్రుకవాసి తేడా వచ్చిందని పెంచలయ్య ఏమీ అనకముందే తానే పారేసి మళ్లీ కోసింది. ఈ రోజుకూ నా పళ్లు ఒకదాంట్లో ఒకటి చప్పుడు లేకుండా కూర్చుంటాయంటే ఆ మనిషి చలవే.

షెడ్డులో చివరి ఇంజను నిప్పు ఆర్పేసిన రోజును సంఘం వాళ్లు ఏటా జరుపుకుంటారు. ఆ రోజునే నన్ను మొదటిసారి రాజేశారు. చక్రాల కింద నిమ్మకాయలు పెంచలయ్య పెట్టాడు, జకరయ్య ప్రార్థన చేశాడు, మస్తాను దువా చదివాడు. ఇంతమంది దేవుళ్లకు చెప్పించుకున్న ఇంజను దిబ్బ ఎక్కకపోతే పరువు పోదా? ఎక్కాలనే అనుకున్నాను. నా వెనక బల్లల మీద పదిమంది కూర్చున్నారు.

షెడ్డు పోయినా షెడ్డు కట్టుబాట్లు పోలేదు. ఇంజనును పట్టాల మీద నడపాల్సింది డ్రైవరు, అందులోనూ పెద్ద డ్రైవరు. ఫిట్టరు నడపకూడదు. చేసినవాడైనా సరే. కాబట్టి నా రెగ్యులేటరు మీద, అంటే ఆవిరి వదిలే హ్యాండిలు మీద, చెయ్యి వేసింది జకరయ్య. పెంచలయ్య పక్కన నేల మీద నిలబడ్డాడు.

ఆవిరి వదిలాడు జకరయ్య. నేను కదిలాను. ఏటవాలు మొదలవగానే నా పదిహేను దమ్ములూ పలకడం మొదలుపెట్టాయి. అప్పుడు జకరయ్య చెయ్యి, ఆయనకు చెప్పకుండానే, రెగ్యులేటరును సగం మూసింది. నేను నీరసపడ్డాను. ఆగాను. మళ్లీ తెరిచాడు, నేను గట్టిగా పలికాను, ఆయన మళ్లీ మూశాడు. నాలుగుసార్లు అలాగే. అయిదోసారి బ్రేకు వేసి దిగాడు.

"దమ్ము ల్యా దీనికి," అన్నాడు. కోపంగా కాదు, జబ్బు మనిషి నాడి చూసిన వైద్యుడిలా అన్నాడు.

నాకు కడుపు మండింది. నా కడుపు మండుతూనే ఉంటుంది అనుకోండి, అది వేరు. దమ్ము లేదా? నలభై ఏళ్లు ఇంజన్లను నడిపిన మనిషి, ఎత్తు మీద నా గొంతు పట్టుకుని నొక్కుతూ, పాడలేదేమని అడగడం కాదా ఇది? చెప్పడానికి నాకు నోరు లేదు. ఉన్న విజిలు తాడేమో ఆయన చేతిలోనే ఉంది.

సంఘంలో ఒక రిపేరు పుస్తకం ఉండేది, షెడ్డులో ఉన్నలాంటిదే. డ్రైవరు ఎడమ పేజీలో లోపం రాస్తాడు, ఫిట్టరు కుడి పేజీలో చేసిన పని రాస్తాడు. జకరయ్య కళ్లజోడు పెట్టుకుని రాశాడు: 'ఎత్తు మీద శక్తి చాలదు.' సంఘంలో మిగతావాళ్లు అప్పటికే అనుకుంటున్న మాట అక్కడే బయటపడింది. ఈ ఎత్తు పట్టా పీకేసి కింద గుండ్రంలో కలిపితే మెయిలింజన్లకు వేగం అందుకోవడానికి చోటు వస్తుంది కదా అని. జకరయ్య ఆగస్టు పదిహేను దాకా గడువిచ్చాడు. ఆలోపు పదిమందితో పైకి ఎక్కకపోతే పట్టా పీకేయడమే. పెంచలయ్య తలూపాడు. దిబ్బ మీది పట్టా తీసేశాక గేరు ఇంజనుకు ఏం పని ఉంటుందో మీరే చెప్పండి. పందెం పట్టా మీద కాదు, నా మీద.

ఇక్కడ పెంచలయ్య ఒక పని చేశాడు. షెడ్డు మనిషి తప్ప ఇంకెవరూ చేయని పని. డ్రైవరు పుస్తకంలో రాశాడంటే లోపం ఉన్నట్టే అనుకున్నాడు. ముప్పై అయిదేళ్ల అలవాటు. నన్ను ముక్కముక్కలుగా విప్పాడు. సిలిండర్లు తీశాడు, పిస్టన్లు కొలిచాడు, రింగులు మార్చాడు. గేర్లు కావలికి మోసుకుపోయి సుగుణతో పన్ను పన్నూ చూపించాడు. ఆమె చూసి చూసి, మీ డ్రైవరును విప్పి చూశారా అని అడిగిందట. పెంచలయ్య నవ్వాడే గాని ఆ మాట చెవికెక్కించుకోలేదు. లేని లోపాన్ని వెతుకుతూ నాలుగు నెలలు ఎండలో కూర్చున్నాడు. నేను సంచులలోనూ పళ్లేలలోనూ పడుకుని ఆయన మొహం చూస్తూ ఉండేదాన్ని. అంత మంచి ఫిట్టరు అంత అమాయకుడిగా ఎలా ఉంటాడో నాకు అర్థం కాలేదు. కోపమూ వచ్చింది, జాలీ వేసింది.

జూలైలో మళ్లీ కలిపారు. బాయిలరు పీడనం పరీక్ష చేయాల్సింది మస్తాను. నిప్పు వేసి, ఆవిరి ఎత్తి, చదును పట్టా మీద రెండు చుట్లు తిప్పుదామనుకున్నాడు. వెనక బల్లలో ఇసుక మూటలు వేశారు. పరీక్షే కాబట్టి డ్రైవరు ఎవరూ అక్కడ లేరు. మస్తాను రెగ్యులేటరు పట్టుకుని ఒక్కసారిగా చివరిదాకా లాగేశాడు.

నేను ఊళ్లోవాళ్లంతా తిరిగి చూసేలా గర్జించాను. మస్తాను ప్రశాంతంగా బాయిలరులో నీళ్ల మట్టం చూపే గేజి గ్లాసు వంక చూస్తున్నాడు. ఆయనకేమీ వినపడలేదు కదా. పెంచలయ్య గుండె మీద చెయ్యి వేసుకుని పరుగెత్తుకొచ్చాడు. వచ్చి నా పక్కన పరుగు ఆపాడు, ఎందుకంటే పరుగెత్తాల్సిన పనే లేదు. రెగ్యులేటరు పూర్తిగా తెరిచి ఉన్నా నేను మనిషి నడకతోనే పోతున్నాను. ఆయన నా పక్కన ఒక చుట్టంతా నడిచాడు. రెగ్యులేటరు వంక చూశాడు, నేల మీది రాళ్ల వంక చూశాడు. మొదటిరోజు జకరయ్య చెయ్యి ఎక్కడుందో అప్పుడు గుర్తొచ్చినట్టుంది, పట్టాల పక్కనే చతికిలబడ్డాడు.

ఆ సాయంత్రం రిపేరు పుస్తకం కుడి పేజీలో రాశాడు. రాసే ముందు రెండుసార్లు పెన్ను మూత పెట్టాడు, తీశాడు. 'ఇంజనులో లోపం లేదు. డ్రైవరు ఆవిరి మూసినారు.' కింద సంతకం.

డ్రైవరు రాసింది తప్పని రాసిన ఫిట్టరు ఆ షెడ్డు ఉన్నన్నాళ్లూ లేడు. పుస్తకం చదివి జకరయ్య కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివాడు.

"నలభై ఏండ్లు నడిపినా పెంచలా," అన్నాడు. "చీకట్లో, వానలో, చెవి మీదనే నడిపినా. ఇంజను ఎంత వేగంలో ఉండాదో చెవే చెప్పేది నాకు. ఆ చెవి తప్పంటావా?"

"మీ చెవి తప్పు కాదన్నా," అన్నాడు పెంచలయ్య. "ఇది మీ చెవి ఎరిగిన ఇంజను కాదు."

జకరయ్యకు ఆ తేడా పట్టలేదు. తననే అన్నాడనుకున్నాడు. అయితే చెవి లేనోడి చేతనే నడిపించు, నేను వెనక బల్ల మీద కూసుంటా, ఎక్కకపోతే ఆ పూటే పట్టా పీకుతాం అన్నాడు. వెటకారంగానే అన్నాడు. పెంచలయ్య మాత్రం నిజంగానే తీసుకుని మస్తాను ఇంటికి పోయాడు. మస్తాను ఒప్పుకోలేదట మొదట. డ్రైవర్లుండగా నేను నడపడమేంది, నవ్వుతారు అన్నాడట. నవ్వినా నీకు వినపడదు గదా అన్నాడట పెంచలయ్య.

ఆగస్టు పదిహేనున జెండా ఎగరేసి, పిప్పరమెంట్లు పంచి, అందరూ దిబ్బ దగ్గరికి వచ్చారు. నా వెనక మొదటి బల్ల మీద మస్తాను. ఆయన వెనకే జకరయ్య, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని. కావలి నుంచి వచ్చిన సుగుణ ఒక బల్ల మీద ఎక్కింది. మస్తానును వదిలేస్తే మొత్తం పదిమంది. పెంచలయ్య నూనె డబ్బా పట్టుకుని కింద నిలబడ్డాడు.

నిజం చెప్పనా, నాకూ భయం వేసింది. మూడేళ్లు ఒక మనిషి వెల్లకిలా పడుకుని చేసిన పని, నాలుగు నెలలు అనవసరంగా విప్పి కలిపిన పని. జారితే, మెయిలింజను జారినట్టు జారితే, దమ్ము లేదన్న మాటే నా పేరైపోతుంది. జారను అనుకున్నాను. ఎనిమిది చక్రాలున్నాయి నాకు.

మస్తాను రెగ్యులేటరు తెరిచాడు. ఏటవాలు ఎదురైంది. నేను పలికాను. జనం బల్లలను గట్టిగా పట్టుకున్నారు. జకరయ్య కుడిచెయ్యి మోకాలి మీదినుంచి లేచి గాలిలో దేన్నో మూయబోయింది. ఎడమచేత్తో దాన్ని పట్టుకుని దించాడు. అది మళ్లీ లేచింది. మస్తాను ముందుకు చూస్తూ, పట్టాల పక్క రాళ్లు ఒక్కొక్కటీ వెనక్కి పోవడం చూస్తూ, రెగ్యులేటరు ఇంకాస్త లాగాడు.

నాకు అందం లేదన్నారు. వేగం లేదన్నారు. సరే, లేవు. కానీ నాకున్నదేమిటో వినండి. మెయిలింజను చేసినవాడు చేతులు తుడుచుకుని నిలబడి, అది పోతుంటే వెనకనుంచి చూస్తాడు. నన్ను చేసినవాడు నా పక్కన నడిచాడు. దిబ్బ పొడుగునా, అడుగుకు అడుగు, నా షాఫ్టు మీద నూనె చుక్క వేస్తూ, నా గేర్ల మీదికి వంగి వింటూ నడిచాడు. అంత మెల్లగా పోగలిగే ఇంజనుకే ఆ భాగ్యం. ఆ బూడిదంతా ఒకప్పుడు గొప్ప గొప్ప ఇంజన్లు తిని వదిలినది. దాని మీద నేను ఎక్కుతున్నాను, అవి కాదు.

అయిదు నిమిషాలు పట్టింది. పైన పట్టా చివర కొయ్య అడ్డం కనిపించగానే మస్తాను ఆవిరి మూసి బ్రేకు వేశాడు. వెనక జనం చప్పట్లు కొడుతున్నారని ఆయనకు తెలియదు. వెనక్కి తిరిగి, "ఎక్కినామా?" అని గట్టిగా అడిగాడు. పెంచలయ్యకు నాకంటే ఎక్కువ ఆయాసం వచ్చింది. నూనె డబ్బా కింద పెట్టి నా బాయిలరు మీద చెయ్యి వేయబోయి, కాలుతుందని తీసేశాడు.

జకరయ్య దిగాడు. ఏమంటాడా అని అందరూ చూస్తున్నారు. వెటకారం చేసి ఓడిన పెద్దమనిషి సాధారణంగా పిప్పరమెంట్ల గురించో ఎండ గురించో మాట్లాడతాడు. జకరయ్య అలా చేయలేదు.

"పట్టా ఉంటాది," అన్నాడు. తర్వాత పెంచలయ్య వైపు తిరిగి, "తప్పు నాదే. చెయ్యి ఇప్పటికీ ఆగల్యా, చూసినావు గదా. కిందికి దింపి మళ్లీ ఎక్కించు. ఈసారి నువ్వే."

ఫిట్టరునన్నా, అన్నాడు పెంచలయ్య, పట్టాల మీద ఎప్పుడూ హ్యాండిలు పట్టలేదు అన్నాడు. అందుకనే చెప్తున్నా అన్నాడు జకరయ్య, ఇంక వాదించకుండా.

నన్ను మెల్లగా కిందికి దింపారు. జనం మళ్లీ బల్లల మీద కూర్చున్నారు. పెంచలయ్య మస్తాను చోట కూర్చుని రెగ్యులేటరు పట్టుకున్నాడు. ఏటవాలు రాగానే నేను మళ్లీ గట్టిగా పలికాను. ఆయన చెవులు చక్కగా వినపడతాయి, నా పదిహేను దమ్ములూ విన్నాడు. అయినా చెయ్యి ఒక్క వెంట్రుకవాసి కూడా మూయలేదు.

నా పక్కన అడుగుకు అడుగు ఎవరో నడుస్తున్నారు, షాఫ్టు మీద నూనె చుక్క పడింది, కాస్త ఎక్కువే పడింది. చూస్తే మెయిలు డ్రైవరు జకరయ్య, నూనె డబ్బా పట్టుకుని, ఫిట్టరును ఇంకెక్కడ వేయమంటావని అడుగుతున్నాడు.